పలక వెనక

మా ఊళ్లో ఎవరికి పేరొచ్చినా
ముందు నాకే తెలుస్తుంది.
అక్షరానికి ముప్పై ఐదు సెంట్లు.
బౌలింగ్ కప్పులు, రిటైరైన గని ఫోర్‌మన్ల గడియారాలు,
కుక్కల మెడబిళ్లలు,
ఏటా మే నెలలో
హైస్కూలు వాళ్ల ఇత్తడి పలక.

ఈసారి సుపీరియర్ సరస్సు మీద మంచు
ఇంకా పూర్తిగా విరగకముందే కాగితం వచ్చింది:
నాయకత్వానికి, సమాజసేవకు,
మారిట్ కోస్కెలా, పన్నెండో తరగతి.
చెక్కాను. తప్పుల్లేవు.
నా చేతి కింద తప్పు పడి పదకొండేళ్లయింది.
అదొక పెళ్లి తేదీ.
ఆ పెళ్లీ నిలవలేదు లెండి.

మర్నాడు ఆ పిల్లే వచ్చింది.
బూట్లకు బురద, కోటు జేబులో చిల్లర గలగల.
పలక చేతికిస్తే
తన పేరు చదవనైనా చదవలేదు,
తిరగేసింది.
"వెనక పక్క ఖాళీయేగా?"

ఖాళీయే.
పలక వీపుతో గోడకి తప్ప ఎవరికి పని?

జనవరిలో కరెంటు పోయిన తొమ్మిది రోజులు
నాకూ గుర్తే.
సున్నాకి కింద ముప్పై నాలుగు.
గోడల్లో నీళ్లగొట్టాలు తుపాకుల్లా పేలాయి.
పిల్లలు స్లెడ్జిల మీద కట్టెలు లాక్కుంటూ
తలుపు తలుపూ తట్టారు, నా తలుపూ తట్టారు.
కళ్లు తప్ప ఏమీ కనబడని మొహాలు,
కనురెప్పల మీద తెల్లటి పొడి.
ఎవరు ఎవరో అడిగే తీరికేదీ నాకు?
కట్టెలు లోపలికి తీసుకుని తలుపేసుకున్నాను.

ఆ పిల్ల నోట్‌బుక్ కాగితం మడత విప్పింది.

లూషియస్ బోల్యూ: వాళ్ల మామయ్య ట్రక్కు నడిపాడు,
లైసెన్సు సంగతి అడక్కండి.
పా న్యా వాంగ్: ఎవరికే మాత్ర ఏ వేళకో
అరచేతి మీద పెన్నుతో రాసుకుని
తొమ్మిది రోజులు ఆ చెయ్యి కడుక్కోలేదు.
మిసెస్ హలోనెన్: కట్టెలు ఇవ్వాల్సిన లిస్టులో మొదటి పేరు ఆవిడదే,
తన కొట్టంలోవి సగం మా స్లెడ్జి మీదే వేసి పంపేసింది.
మార్చిలో పోయింది, మీకు తెలుసుగా.
తర్వాత గార్త్ లిండ్‌మార్క్...

నేను ఆగాను.
"ఇతను రెండో రోజు తర్వాత రానేలేదని
ఊరంతా చెప్పుకున్నారే?"

"ఆ రెండ్రోజులూ వచ్చాడు కదండీ."

పదకొండు పేర్లు, నూట నలభై మూడు అక్షరాలు.
పెదాలు కదుపుతూ తనే లెక్కేసింది,
యాభై డాలర్ల ఐదు సెంట్లు.
జేబులోంచి గుప్పెడు, ఇంకో జేబులోంచి గుప్పెడు,
బల్ల మీద గుట్ట పెరగడం ఆగిపోయింది.
"వెనక పక్కకి సగం ధరే" అన్నాను.
అలాంటి రేటు నా దుకాణంలో ఎప్పుడూ లేదు.
అన్నాక తప్పుతుందా, ఇప్పుడు బోర్డు మీదే రాసిపెట్టాను.

ఆ శుక్రవారం జిమ్నాజియంలో మడత కుర్చీలు,
బాస్కెట్‌బాల్ బుట్ట కింద మైకు.
నాయకుడంటే ముందు నడిచేవాడని
ప్రిన్సిపాల్ పద్నాలుగు నిమిషాలు చెప్పాడు.
లూషియస్ కునికిపాట్లు పడుతున్నాడు,
రాత్రి షిఫ్టు చేసి వచ్చినట్టున్నాడు.
గార్త్ తలుపు దగ్గరే నిలబడ్డాడు,
వెళ్లిపోవడానికి వీలుగా.

మారిట్ పలకని గుండెకి ఆనించి పట్టుకుంది.
పత్రిక ఫొటోగ్రాఫర్ చెయ్యి ఊపాడు:
"అమ్మాయ్, తిప్పి పట్టుకో, పేరు కనబడాలి!"

"తిప్పే పట్టుకున్నాను" అంది.

తలుపు దగ్గర నించున్నవాడు
మెడ సాచి చూడటం నేను చూశాను.
అంత దూరం నుంచి ఏం కనిపిస్తాయి, పావంగుళం అక్షరాలు.

నన్ను తినేసేది ఒక్కటే.
పేర్ల చివర, పెన్సిల్‌తో, తరవాతెప్పుడో గుర్తొచ్చినట్టు
ఐనో అని రాసింది.
తమ్ముడట, తొమ్మిదేళ్లు, టార్చి పట్టుకున్నాడట.
చోటు చాల్లేదు.
చివరి ఓ అంచుకి ఇరుక్కుని కోడిగుడ్డులా సాగిపోయింది.
మళ్లీ చేసిస్తాను ఇవ్వమని అడిగాను.
వాడే వద్దన్నాడు.
ఆ గుడ్డులో గోరు పెట్టి
గుండ్రంగా, గుండ్రంగా
తిప్పుతూ కూర్చున్నాడు.